నవ్వకుండా చదివిన వార్త

ఇల్లందు,
12 జనవరి 2008.

చెల్లె రోజారాణికి,

నీకు వార్తలు రాసిచ్చిన బిక్షపతి అన్నను. బతికే ఉన్నావా? సెల్లుకు చేస్తే ‘అందుబాటులో లేరు’ అని ఎవరో ఆడమనిషి చెబుతోంది. ఆమె నీ అంత బాగా చదవదు. అడవిలో నర్సు ఉద్యోగమని వెళ్లినదానివి మమ్మల్ని మరిచిపోయావు, సరే. నేను ఇంకా ల్యాంపు రూములోనే ఉన్నాను. బొగ్గుబాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చి, ఎక్కి వచ్చాక లెక్క చూసి తీసుకుంటున్నాను.

సంగతేమిటంటే, మన కేబుల్ వెంకటేశ్వరరావు నెట్‌వర్కును పెద్ద కంపెనీకి అమ్మేస్తున్నాడు. జూన్ మొదటి ఆదివారం కమ్యూనిటీ హాలులో అందరినీ పిలిచి చివరి ప్రోగ్రాం పెడతాడట. ‘మీ బాయిగడ్డ వార్తలు లేకుండ నాకు సెండాఫ్ ఏంది అన్నా’ అని నా వెంట పడ్డాడు. పాత క్యాసెట్లు సగానికి బూజు పట్టాయి. అందుకని ఒక్క బులెటిన్ అక్కడే మనుషుల ముందు చదవాలి. చదివేది నువ్వే.

గుర్తుందా, మన వెటకారం వార్తలకు క్యారంబోర్డు మీద దుప్పటి పరిచి బల్ల చేసేవాళ్లం. బడిగోడ మీది ఇండియా పటాన్ని మన రిపోర్టరు చందర్ అట్ట మీద గీస్తే శ్రీలంకకు చోటు లేక కింద విడిగా అంటించాం. బస్టాండు ముందరి గుంతకు మూడో పుట్టినరోజు చేసి, అందులో మోకాళ్ల లోతు నీళ్లలో వాణ్ణి నిలబెట్టి మైకు పట్టించాం. నువ్వు ఫొటో స్టూడియోలో కిరాయికి తెచ్చిన పట్టుచీర కట్టుకుని, ‘గుంత ఆరోగ్యంగా ఉంది, దినదినం ఎదుగుతోంది’ అని చదివావు. కెమెరా వెనక మేం నోట్లో తువ్వాలలు కుక్కుకుని చచ్చాం. నీ పెదవి మాత్రం కదలలేదు.

గోడ మీద బొగ్గుతో నేను రాసిన రూలు ‘నవ్వకుండ్రి’ ఇప్పటికీ అలాగే ఉంది. ఊళ్లో పిల్లలు కూడా అంటున్నారు.

జల్దీ జవాబు రాయి. ఆ రోజుకు సెలవు పెట్టుకో.

నీ అన్న,
బిక్షపతి


దుమ్ముగూడెం,
3 ఫిబ్రవరి 2008.

బిక్షపతన్నకు నమస్తే,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. గుంత పుట్టినరోజు దగ్గర ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగింది.

నాకు అన్నీ గుర్తున్నాయి. ‘ఇల్లందులో రేపు బొగ్గుపొడి జల్లులు పడవచ్చు’ అని వాతావరణం చదివేదాన్ని. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు మన వీధిలో ఒక్క మనిషి కనిపించేవాడు కాదు. మా నాన్న సెకండ్ షిఫ్టు మార్చుకుని మరీ చూసేవాడు. నాన్న పోయిన రోజు కూడా ఎవరో ‘వార్తల పిల్ల వాళ్ల నాయిన’ అన్నారు. అంతకన్నా మంచి రోజులు నాకు మళ్లీ రాలేదు అన్నా. ఆ మాట ఒట్టు పెట్టి చెప్పగలను.

కానీ నేను రాలేను. టీకాల డ్యూటీ ఉంటుంది. ఏటి అవతలి గూడేలకు నడిచి వెళ్లాలి. నా బదులు ఇంకెవరినైనా చూడు. మన ప్రమీల గొంతు బాగుంటుంది.

వదినను అడిగినట్టు చెప్పు.

రోజారాణి


ఇల్లందు,
20 ఫిబ్రవరి 2008.

చెల్లెకు,

ప్రమీలా? దానికి నవ్వొస్తే పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకే దాకా ఆపదు. బల్ల కింద పడిపోతుంది. నువ్వు టీకాల పేరు చెప్పి తప్పించుకుంటున్నావని నాకు తెలుసు. టీకాలు ఆదివారం వేస్తారా?

అందరూ ఒకే వార్త అడుగుతున్నారు. దవాఖానా వార్త. నేను రాసినవాటిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు, నువ్వు చదివినవాటిలోనూ లేదు. ‘మన్యంలోని అన్ని సర్కారు దవాఖానాల్లో డాక్టర్లు చేరారు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కుర్చీలోంచి లేవకుండా కూర్చుంటున్నారు.’ హాలు ఎగిరిపోతుంది చూడు. ఇప్పటికీ మా బాయిలో ఎవడైనా డ్యూటీ ఎగ్గొడితే ‘ఏడున్నడు వాడు?’ అని అడుగుతారు. ‘ఉన్నడు, తొమ్మిది నుంచి అయిదు దాకా’ అంటారు. అంటే లేడని. మన మాట ఆరేళ్లుగా నడుస్తోంది.

పాంప్లెట్లో నీ పేరు వేయించేశాడు వెంకటేశ్వరరావు. ఇక నీ ఇష్టం.

బిక్షపతి


దుమ్ముగూడెం,
16 మార్చి 2008.

అన్నకు,

పాంప్లెట్లో పేరు వేయించే ముందు అడగాల్సింది. సరే, రాకపోవడానికి కారణం చెబుతాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

పోయిన జూలైలో పోలియో చుక్కలకు తాటిమడుగు అనే గూడేనికి మొదటిసారి వెళ్లాను. పాయం సీతయ్య అనే ఆయన నన్ను చూసి ఆగిపోయాడు. ‘నువ్వు టీవీల వార్తలు చెప్పే అమ్మవు గదా’ అన్నాడు. నాకు ఎంత గర్వమనిపించిందో. ఇంత దూరం మన వార్తలు ఎలా వచ్చాయని అడిగాను. బీడీలకు తునికాకు కొనే ఏజెంటు గోపాలు, ఆకు కోసేవాళ్ల కోసం కల్లం దగ్గర ట్రాక్టరు బ్యాటరీతో టీవీ పెట్టేవాడట. సినిమా క్యాసెట్లు ఇల్లందులో కిరాయికి తెచ్చేవాడు. మన కేబుల్ పిల్లలు సినిమా చివర మిగిలిన జాగాలో మన బులెటిన్ ఎక్కించి ఉంచేవాళ్లు కదా. సినిమా అయిపోయాక వార్తలు వచ్చేవి. వాళ్లకు అవి వార్తలే అన్నా. పట్టుచీర, బల్ల, వెనక ఇండియా పటం. ఎందుకు అనుకోరు?

2002లో సీతయ్య భార్య జోగమ్మకు రెండో కాన్పు. అవి విత్తనాల పండుగ రోజులు. పండుగ మూడు రోజులూ ఊరి పొలిమేర దాటకూడదని ఆ గూడెం పెద్దల కట్టు. మూడో రోజు పొద్దున నొప్పులు మొదలై రక్తం పోయింది. జోగమ్మ తల్లి జంపక్క ‘కట్టు లేదు గిట్టు లేదు, ఇప్పుడే పోదాం’ అన్నది. సీతయ్య ఇంటికి పెద్ద కొడుకు, పూజ చేయాల్సినవాడు. మధ్యాహ్నం పూజ అయ్యేదాకా ఆగుదామన్నాడు. ఆ తర్వాత మంచం మీద మోసుకుని బయలుదేరారు. భద్రాచలం పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఉండొచ్చు. కానీ మన వార్త విన్నారు కాబట్టి దగ్గరి దవాఖానాకు పోయారు. పోయేసరికి తలుపుకు తాళం. అయిదు దాటింది కాబట్టి డాక్టరు ఇంటికి పోయి ఉంటాడు, పొద్దున తొమ్మిదింటికి వస్తాడని ఆ మెట్ల మీదే కూర్చున్నారు. తెల్లవారేలోపే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

అక్కడ అంతకు ముందు నాలుగేళ్లుగా డాక్టరే లేడు. మరుసటి ఏడాది నిజంగానే ఒకాయన వచ్చాడు, అందుకని వీళ్లకు ఏ అనుమానమూ రాలేదు.

సీతయ్య నన్ను తిట్టలేదు. నాకు ముక్కాలిపీట వేసి, మంచినీళ్లిచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ‘మీరు సక్కగనే చెప్పిండ్రమ్మా. నేనే ఆలస్యం చేసిన. డాక్టరు అయిదింటి దాంక మాకోసం చూసి ఎవరు రాలేదని అలిగి పోయిండని మళ్ల వార్తలల్ల మీరే చెప్పిండ్రు’ అన్నాడు. పెద్దలు కూర్చుని తప్పు సీతయ్యదే అన్నారు. సీతయ్య మొదటి బిడ్డ వనజను అమ్మమ్మ జంపక్క తన దగ్గరే పెట్టుకుంది. ఆ పిల్ల తన తండ్రి గడప తొక్కకూడదు. నాలుగిళ్ల అవతలే ఉంటుంది. ఆరేళ్లుగా అంతే.

అలిగి పోయాడన్న వార్త నేను చదివాను. మన ‘మీ ప్రశ్నలకు మా జవాబులు’ శీర్షికలో. ఆ ప్రశ్న నువ్వే కల్పించావా, ఎవరైనా రాశారా?

ఎనిమిది నెలలుగా ఆ గూడేనికి వెళ్తున్నాను. సీతయ్యకు నిజం చెప్పలేకపోయాను. చదివేటప్పుడు నేను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నవ్వి ఉంటే వాళ్లకు తెలిసిపోయేది.

రోజారాణి


ఇల్లందు,
25 మార్చి 2008.

రోజారాణికి,

చదివాను. పాపం, చాలా బాధనిపించింది. కానీ దీన్ని మన మెడకు చుట్టుకోవడం ఏమిటి? డాక్టరును వేయనిది మనమా? వేయలేదని మొత్తుకున్నది మనమే కదా. ఇల్లందులో అయిదేళ్ల పిల్లకాయకు కూడా తెలుసు అది వెటకారమని. క్యాసెట్టు ఎవడో అడవిలోకి ఎత్తుకుపోతాడని నేను కలగన్నానా?

ఆ ప్రశ్న నేనే కల్పించి ఉంటాను. గుర్తులేదు. చాలా రాశాం.

దవాఖానా వార్త వద్దంటే వేరేది చదువు. గుంతది చదువు.

బిక్షపతి


దుమ్ముగూడెం,
18 ఏప్రిల్ 2008.

అన్నకు,

నీ ఉత్తరం చూశాక నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే తాటిమడుగు పోయి సీతయ్యకు మొత్తం చెప్పేశాను. అది వార్త కాదని, నవ్వులాటకు అన్నామని, అక్కడ డాక్టరు లేనే లేడని.

మొదట అర్థం కాలేదు. వార్తల్లో నవ్వులాట ఏమిటని అడిగాడు. రోడ్డు లేని చోట రోడ్డు వచ్చిందని చెబితే సర్కారుకు సిగ్గొస్తుందని అలా అనేవాళ్లమని చెప్పాను. ‘మరి సిగ్గొచ్చిందా?’ అని అడిగాడు.

ఆ తర్వాత, ‘అయితే పొద్దున్నే పోయినా లేకుండెనా?’ అన్నాడు. లేడని చెప్పాను. ‘పండుగకు ఆగకున్నా లేకుండెనా?’ అన్నాడు. ఆగకుండా పోయినా అదే తాళం ముందు కూర్చునేవాళ్లని చెప్పాను. సీతయ్య తువ్వాల ముఖం మీద వేసుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. కానీ ఒక్కటే అడిగాడు. ‘నేను చెప్తే మా అత్త నమ్మదు, పెద్దలు నమ్మరు. నువ్వొచ్చి ఈడ చెప్పినా నా మీద జాలితోటి చెప్పినవంటరు. నువ్వు టీవీల చెప్పినవు గదా, మళ్ల టీవీలనే చెప్పు. అప్పుడు నమ్ముతరు. నా బిడ్డ నా ఇంట్ల తింటది.’

కాబట్టి జూన్‌లో వస్తున్నాను. దవాఖానా వార్తే చదువుతాను. కానీ నేను రాసుకున్నది చదువుతాను. నువ్వు ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే వెంకటేశ్వరరావుతో నేనే మాట్లాడతాను.

రోజారాణి


ఇల్లందు,
9 మే 2008.

చెల్లె రోజారాణికి,

నీకు అబద్ధం రాశాను. ఆ ప్రశ్న నేను కల్పించింది కాదు.

నీ మార్చి ఉత్తరం వచ్చిన రోజే ఇనప్పెట్టె తీసి చూశాను. చూసేవాళ్లు రాసిన కార్డులన్నీ దాచుకున్నాను కదా, అడుగున దొరికింది. గూడెం పంతులు చేతిరాతేమో, కింద వేలిముద్ర. ‘టీవీవారికి దండాలు. మీరు చెప్పినట్టు మేము దవాఖానాకు పోయినాము. పొద్దు గూకినది. డాక్టరుగారు లేరు. ఆ రోజు ఎన్ని గంటలకు పోయినారో వార్తలలో చెప్పగలరు. పాయం సీతయ్య, తాటిమడుగు.’ అంతే ఉంది. చావు సంగతి లేదు. నువ్వు నమ్ము, లేదు.

ఎవరో మన తరహాలోనే వెటకారం చేస్తున్నారనుకున్నాను. మురిసిపోయాను కూడా. చందర్‌కు చూపించి, ‘చూడురా, చూసేటోళ్లు గూడ మనలెక్కనే తయారయిండ్రు’ అన్నాను. పావుగంటలో జవాబు రాశాను. అయిదు దాకా చూసి అలిగి పోయారు అని. నువ్వు చదివేముందు ‘ఇది నిజం కార్డా అన్నా’ అని అడిగావు. ‘మనోళ్లే ఎవరో ఆడుకుంటున్నరు, నువ్వు చదువు’ అన్నది నేనే.

ఆ మనిషి అడిగింది ఒక్కటే. తను ఆలస్యం చేశాడా లేదా అని. ఔను, ఆలస్యం చేశావని నేను జవాబిచ్చాను. పెద్దల తీర్పు నేనే రాసిచ్చాను చెల్లె.

వేలిముద్ర ఉన్న కార్డును వెటకారమని ఎలా అనుకున్నానో తెలియడం లేదు. రోజూ బాయి రిజిస్టర్లో వేలిముద్రలు చూసేవాణ్ణి. మా నాయనదీ వేలిముద్రే.

నువ్వు రా. నువ్వు రాసుకున్నదే చదువు. ఎవరు అడ్డం చెప్పినా నేను చూసుకుంటాను. క్యాసెట్టు కాదు, ఇప్పుడు సీడీ చేస్తారు. తీసుకుపోయి చూపిద్దువు.

బిక్షపతి


ఇల్లందు,
4 జూన్ 2008.

చెల్లెకు,

నువ్వు ఎవరితో మాట్లాడకుండా బస్సెక్కిపోయావు. బస్టాండు దాకా వచ్చాను. కిటికీ దగ్గర నిన్ను చూసి కూడా పిలవలేకపోయాను.

తప్పు మాదే. ముందే మైకులో చెప్పాల్సింది, ఇది ఆ రకం వార్త కాదని. నేను చెప్తానన్నాను కదా. వెంకటేశ్వరరావు దండలు, శాలువాలు అంటూ స్టేజీ మీదికి లాగాడు, ఇంతలో నీ పేరు పిలిచేశారు. నువ్వు అదే పట్టుచీరలాంటి చీర కట్టుకుని వచ్చి కూర్చోగానే ఈలలు మొదలయ్యాయి.

‘2002 మే నెలలో తాటిమడుగు దగ్గరి దవాఖానాలో డాక్టరు లేరు’ అని నువ్వు చదివావు. అప్పటిదాకా కొంచెం నిశ్శబ్దం ఉంది. ‘తొమ్మిది నుంచి అయిదు దాకా లేరు’ అనేసరికి హాలంతా ఒక్కసారి నవ్వింది. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూసిన మాట కదా. ‘పాయం సీతయ్య ఆలస్యం చేయలేదు. పొద్దున వచ్చినా, పండుగకు ఆగకపోయినా, అక్కడ ఎవరూ లేరు. మేం చెప్పిందే తప్పు. అలిగి పోయారన్నది కూడా తప్పు.’ ఒక్కో మాటకూ చప్పట్లు. నేను లేచి, ‘నవ్వకుండ్రి’ అని అరిచాను. అది గోడ మీది మాట కదా, నేనూ ఆటలో భాగమనుకుని ఇంకా పెద్దగా నవ్వారు. నా పక్కనున్న ముసలాయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి నవ్వలేక.

నువ్వు మాత్రం తల ఎత్తి చివరి దాకా చదివావు.

సీడీలో ఆ నవ్వులన్నీ ఎక్కాయి. తీసేయమని కంప్యూటరు పిల్లగాణ్ణి అడిగాను. నీ గొంతూ వాళ్ల నవ్వూ ఒకే మైకులో పడ్డాయట, విడదీయడం కుదరదన్నాడు. నవ్వు తీస్తే నీ మాట పోతుందట. అలాగే పంపుతున్నాను. చూపించాలో వద్దో నువ్వే ఆలోచించు. మళ్లీ ఖాళీ గదిలో చదువుతానంటే ఒక్క మాట రాయి, కెమెరా తీసుకుని నేనే వస్తాను.

సీతయ్య కార్డు కూడా ఇందులో పెట్టాను. అది నా దగ్గర ఉండకూడదు.

బిక్షపతి


దుమ్ముగూడెం,
29 జూన్ 2008.

బిక్షపతన్నకు,

కార్డు సీతయ్యకు ఇచ్చేశాను. తన వేలిముద్రను చాలాసేపు చూసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సీడీ పది రోజులు నా పెట్టెలోనే ఉంచాను. ఖాళీ గదిలో మళ్లీ చదువుదామనే అనుకున్నాను. కానీ ఈ ఏడాది బడికి వనజను ఎక్కడ ఉంచాలో పెద్దలు మాట్లాడుకుంటున్నారని తెలిసింది. జంపక్క ఆ పిల్లను చుట్టాల దగ్గరికి, ఏటి అవతలికి పంపేస్తానంటోంది. ఇక ఆగలేదు. గోపాలును బతిమాలి టీవీ, సీడీ ప్లేయరు, బ్యాటరీ తెప్పించాను. పోయిన ఆదివారం మధ్యాహ్నం సీతయ్య పెరట్లో పెట్టాం. జంపక్క రానంది. ‘టీవీల మళ్ల వార్త వచ్చిందంట’ అని గోపాలు చెబితే వచ్చింది. వచ్చినా పెరటి దడి బయటే కూర్చుంది, వనజ చెయ్యి పట్టుకుని.

నేను టీవీ పక్కన నిలబడ్డాను. టీవీలో ఉన్న నన్ను, పక్కనున్న నన్ను మార్చి మార్చి చూశారు. ఇల్లందు వాళ్లు నవ్విన చోట ఇక్కడ ఒక్కరూ నవ్వలేదు. ‘పాయం సీతయ్య ఆలస్యం చేయలేదు’ అన్న దగ్గర ఒక పెద్దాయన మళ్లీ వేయమన్నాడు. మూడుసార్లు వేశారు. మూడుసార్లూ ఆ నవ్వులు, చప్పట్లు, నీ అరుపు.

మూడోసారి అయ్యాక సీతయ్య నా వైపు తిరిగి అడిగాడు. ‘ఆళ్లందరు ఎందుకు నవ్వుతున్నరమ్మా?’

దీనికి జవాబు ఇల్లందు నుంచి బస్సులో వచ్చేటప్పుడే వెతికాను అన్నా. నోరు తెరిచాను. అంతలో దడి బయట నుంచి జంపక్క అంది, ‘సంబురపడ్తున్నరు. నీ తప్పు లేదని తెలిసింది గదా.’

ఆరేళ్ల తర్వాత అల్లుడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. సీతయ్య తల ఊపాడు. ‘మంచోళ్లు’ అన్నాడు. ఇల్లందు వాళ్లను. మన వాళ్లను. జంపక్క చెయ్యి వదిలితే వనజ లోపలికి వచ్చింది. ఆ పూట తండ్రి ఇంట్లో జావ తాగింది. నేను చూశాను.

అందరూ నా ముఖం వంకే చూస్తున్నారు, జంపక్క చెప్పింది నిజమేనా అన్నట్టు. నేను ఏమీ కనపడనివ్వకుండా నిలబడ్డాను. నువ్వు నేర్పిన పనే.

గురువారం మళ్లీ తాటిమడుగు టీకాలకు వెళ్లాలి. సీతయ్య నీకూ, ఆ హాలులో నవ్విన వాళ్లందరికీ దండాలు చెప్పమన్నాడు. చెప్పాను.

రోజారాణి